ఇంటిపెద్ద పంపిన మాట

షరఫియా, జెద్దా
29 జూన్ 2018, శుక్రవారం

మదార్బీకి,

అన్న అబ్దుల్ ఘనీ సలాములు. నేను బాగున్నాను, నువ్వు బాగుండాలి. ఆ మాట అయిపోయింది, ఇక పని మాట.

మీ యజమాని, అదే మీ కఫీల్, ఇంటి డ్రైవరు లాల్ అహ్మద్ మధ్యాహ్నం మా రూముకు వచ్చాడు. సెలవులకని ఫ్రాన్సుకు పోగానే మీ మేడం నీ ఫోను తీసి బీరువాలో పెట్టిందంట. పోయిన ఏడు పారిస్‌లో వాళ్ళ ఫిలిప్పీన్స్ పిల్ల రొట్టె తెస్తానని పోయి మళ్ళీ రాలేదు కదా, ఆమె భయం ఆమెది. కఫీల్ ఆఫీసు నుంచి వారం వారం మీకు మందులు, ఖర్జూరాలు, కాగితాలు సంచిలో పంపుతారంట. ఆ సంచిలో ఉత్తరం పెడతానని, నీది వస్తే తెచ్చిస్తానని అన్నాడు. అందుకే రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉన్నాయని నవ్వకు. రాయి తిన్నగా కడతాను, చాలు.

మా కంపెనీ సర్కారు లెక్కలో రెడ్‌లో పడింది. ఇంతమంది సౌదీవాళ్ళను పెట్టుకోవాలని చట్టం, వీళ్ళు పెట్టుకోలేదు. దానికి తోడు, పరాయి దేశం మనిషికింత అని నెలనెలా కట్టే లెవీ జనవరి నుంచి పెంచారు. అరవై దాటినవాళ్ళను ముందు ఇంటికి పంపుతున్నారు. మేనేజరు పిలిచి, "చాచా, ఆప్‌కా ఖురూజ్ లగ్ గయా" అన్నాడు. ఇరవై ఆరేళ్ళు రాయి కట్టినవాడికి ఇక పో, మళ్ళీ రావద్దు అని చెప్పడానికి కుర్చీలోంచి లేవలేదు. "సరేలేప్పా, ఇంక నువ్వే కట్టుకో గోడ" అని తెలుగులో అనేసి వచ్చాను. సెప్టెంబరు 28న విమానం.

ఫ్రాన్సు నుంచి వచ్చాక నీకూ ఖురూజ్ కొట్టిస్తానని మీ మేడం మాట ఇచ్చింది. అదే విమానానికి నీ టిక్కెట్టు తీయమని లాల్ అహ్మద్‌తో కఫీల్‌ను అడిగించాను. సరేనన్నాడంట. ఎనిమిదేళ్ళు ఒకే దేశంలో ఉండి నిన్ను ఐదుసార్లు చూశాను. మొదటి రెండేళ్ళూ తప్పు నాదే. మన ఇంటి ఆడది ఖద్దామాగా వచ్చి ఇంకొకరి అంట్లు తోమడమేమిటని నీతో మాట్లాడటం మానేశాను. ఇది రాయడం నాకు ఇష్టం లేదు. రాశాను. ఇప్పుడు పక్కపక్కన కూర్చొని పోదాం.

అమీనాకు చెప్పేశాను. మీ వదిన హుస్సేన్‌బీ చెప్పింది, నీ కూతురు క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ ఎర్ర గీత గీసిందంట. నాలుగేళ్ళ పిల్లను వదిలి వచ్చావు, మధ్యలో ఒక్కసారీ ఇంటికి పంపలేదు, పిల్లకు పన్నెండు నిండాయి. ఈ మూడు నెలలు ఎవరికీ ఎదురు చెప్పకు. కాళ్ళు దగ్గర పెట్టుకొని ఉండు.

నీ అన్న
ఘనీ


ఫ్రాన్సు
9 జూలై 2018

అన్నకు మదార్బీ సలాములు చేసి రాయునది.

నీ ఉత్తరం ఖర్జూరాల డబ్బా కింద దొరికింది. బాత్రూములో కూర్చొని మూడుసార్లు చదివాను. తప్పు నాదే అని నువ్వు రాసిన చోట వేలు పెట్టి మళ్ళీ చదివాను. ఇంక ఆ సంగతి ఎత్తకు, నాకు చాలు.

ఇక్కడ మాది ఏటి మీద గుట్ట, గుట్ట మీద పాత రాతి ఇల్లు. మేడం, వాళ్ళమ్మ, ముగ్గురు పిల్లలు, నేను. రోజూ పదకొండు దాటాక వ్యానులో ఒక ఊరు చూడ్డానికి పోతాం. ఊళ్ళు చూడ్డమేమిటని నవ్వుతావు. ఇక్కడ జనం ఊళ్ళు చూడ్డానికే వస్తారు. ఊరి మొదట్లో ఇది అందమైన ఊరని బోర్డు కూడా పెట్టారు. మొన్న చూసిన ఊరు కొండకు వీపు ఆనించి కూర్చుంది అన్నా. ఇళ్ళకు ముందు మూడు గోడలే కట్టారు, వెనక గోడ కొండే. పైకప్పు పెంకులు కాదు, పలుచటి రాతి పలకలు, చేప పొలుసుల్లాగా. రాయి బెల్లం రంగు. సాయంత్రం ఎండ పడితే ఊరంతా పాకం పోసినట్టు ఉంటుంది.

ఇంకో ఊళ్ళో వాగు పక్కన, వెనకటి ఆడవాళ్ళు బట్టలు ఉతికిన చోటు ఉంది. మీద కప్పు, చుట్టూ ఏటవాలు బండలు. ఇప్పుడు పూలకుండీలు పెట్టారు, అందరూ ఫోటోలు తీసుకుంటున్నారు. నేను ఒక బండ మీద కూర్చున్నాను. ఉతికే బట్టలు లేకుండా ఉతికే చోట కూర్చోవడం నా జన్మలో అదే మొదలు. మేడం పిల్ల, "మదార్, ఏడుస్తున్నావా?" అంది. చన్నీళ్ళు కంట్లో పడ్డాయన్నాను.

అయితే ఆ ఇళ్ళకు సగం తాళాలే. సొంతదారులు పట్నాల్లో ఉంటారంట, ఏడాదికి ఒక నెల వస్తారంట. మన మిట్టపల్లెలో కువైట్ డబ్బుతో కట్టి తాళం వేసిన ఇళ్ళు గుర్తొచ్చాయి. మనది మాత్రం ఎవరూ చూడ్డానికి రారు.

నీకొక మాట చెప్పాలి. మా పక్కింటాయన తోట గోడ కడుతున్నాడు. సున్నం లేదు, సిమెంటు లేదు, రాయి మీద రాయి. నేను చెత్త పారేయడానికి పోయి నిలబడి చూశాను. ఆయన ఒక సందులో నాలుగు రాళ్ళు మార్చి మార్చి పెడుతున్నాడు, కుదరలేదు. నాకు కుదిరేది కనబడింది. ఎత్తి పెట్టాను. సరిగ్గా కూర్చుంది. ఆయన నన్ను చూశాడు, రాయిని చూశాడు, టోపీ తీశాడు. నాయన మనల్ని గుట్ట మీదికి తీసుకుపోయినప్పుడు నన్ను రాయి ముట్టనీలేదు, చూడ్డం మాత్రం చూశాను కదా. ఇప్పుడు మేడం లేచేలోగా రోజూ ఒక గంట పోతున్నాను. పది గంటలకు గానీ ఈ ఇంట్లో ఎవరూ లేవరు.

నీ చెల్లెలు
మదార్బీ


షరఫియా
20 జూలై 2018

మదార్బీకి అన్న సలాములు.

ఊరు అందంగా ఉందని ఊరే బోర్డు పెట్టుకోవడం ఎక్కడా వినలేదు. కానీ కొండనే వెనక గోడ చేసుకున్నవాడు తెలివిగలవాడు. ఒక గోడ కూలి మిగిలింది. కొండలోంచి ఊట వస్తే ఏం చేస్తారో చూసి రాయి. మూలన కాలువ తీసి ఉండాలి. లేకపోతే ఆ ఇళ్ళు అన్నేళ్ళు నిలవవు.

సున్నం లేని గోడ సంగతి. అది మన తాతల పని. కింద పెద్దరాయి. ప్రతి రాయీ కింది రెండు రాళ్ళ మీద కూర్చోవాలి, అతుకు మీద అతుకు పడకూడదు. రెండు పక్కలా పేర్చుకుంటూ నడుమ గులకరాళ్ళు చేత్తో దట్టించాలి, గంపతో పోయకూడదు. మూడు అడుగులకొకటి గోడ వెడల్పంతా పట్టే పొడుగు రాయి అడ్డంగా వేయాలి, అది లేకపోతే గోడకు కడుపు వస్తుంది. రాయిని ముందు కంటితో చూసుకో, తర్వాతే చెయ్యి వెయ్యి. చేతిలోకి తీసుకున్నాక అటూ ఇటూ తిప్పేవాడు మేస్త్రీ కాదు. నువ్వు మొదటిసారికే పెట్టావంటే నాయన రక్తమే. నిన్ను ముట్టనీయకపోవడం నాయన తప్పు. నేనూ చూస్తూ ఊరుకున్నాను.

ఇక అసలు మాట. ఎవడు వాడు? వయసెంత? ఇంట్లో ఆడవాళ్ళున్నారా? మేడంకు తెలుసా? నువ్వు గోడ గురించి ఇంత రాసి గోడ కట్టేవాడి గురించి ఒక ముక్క రాయలేదు. మగవాడు టోపీ తీశాడంటే నాకు నచ్చలేదు. వెంటనే జవాబు రాయి. జవాబు వచ్చేదాకా పోవద్దు.

ఘనీ


ఫ్రాన్సు
22 జూలై 2018

అన్నా,

ఈ వారం సంచిలో నీ ఉత్తరం రాలేదు. పనిలో ఉన్నావనుకున్నాను. సంచి రేపు తిరిగి పోతుంది, అందుకని రాస్తున్నాను.

నిన్న చూసిన ఊరు అంతా ఎర్రరాయి. ఇళ్ళు, గుడి, మెట్లు, అన్నీ మన ఎర్రమట్టి ముద్ద చేసి కాల్చినట్టున్నాయి. మేడం వాళ్ళమ్మ నడవలేక బెంచీ మీద కూర్చుంది, నన్ను తోడు ఉంచారు. ఎదురుగా ఒక గుమ్మం మీద రాయిలో తేదీ చెక్కి ఉంది, నాలుగు వందల ఏళ్ళ కిందటిది. ఆ గుమ్మం కింద నుంచి ఎంతమంది ఆడవాళ్ళు చెత్త చిమ్ముకుంటూ పోయుంటారో అనుకున్నాను.

గోడ నడుముదాకా వచ్చింది. ఆయన నాకు తోలు గ్లవుజులు, ఒక చిన్న సుత్తి ఇచ్చాడు. మాకు ఒకరి భాష ఒకరికి రాదు, వేళ్ళతోనే మాటలు. నిన్న గుట్ట మీద ఇంకా పడిపోయి ఉన్న గోడలన్నీ చూపించి, నన్ను చూపించి, రెండు చేతులూ నేలకేసి ఉండిపొమ్మన్నాడు. నేను బాగా నవ్వాను. ఎనిమిదేళ్ళలో నన్ను పనికి పిలిచినవాళ్ళు చాలామంది, పని చూసి ఉండమన్నది ఈయన ఒక్కడే.

విమానం తేదీ మారలేదు కదా?

మదార్బీ


షరఫియా
3 ఆగస్టు 2018

మదార్బీకి,

నీ ఉత్తరం అందింది. వయసెంత అని అడిగితే గ్లవుజులు ఇచ్చాడని, ఉండిపొమ్మన్నాడని, నవ్వానని రాశావు. నా తల తిరిగిపోయింది. అన్నం దగ్గర నుంచి లేచిపోయాను.

నువ్వు ఏమనుకున్నా సరే, ఇంటిపెద్దగా చేయాల్సింది చేశాను. మన దగ్గర ఆడపిల్ల వేరేవాళ్ళ చేనుకు చెనక్కాయ కలుపుకు పోతే, అన్న పోయి ఆ రైతుకు అప్పజెప్పి వస్తాడు. మా పిల్ల, మీ పిల్ల అనుకొని చూసుకోండి అంటాడు. ఆ మాటకు రైతు కట్టుబడతాడు. నువ్వు ఈ దేశం వచ్చినప్పుడు నేను ఆ పని చేయలేదు, కోపంలో ఉన్నాను. ఇప్పుడు చేశాను.

లాల్ అహ్మద్‌ను పిలిచి చెప్పాను. "మీ కఫీల్‌కు చెప్పు. మా చెల్లెలు పొద్దున్నే బయటికి పోతాంది. పక్కింటి మగమనిషి ఉండిపొమ్మంటాండాడు. వాళ్ళింటి ఆడపిల్ల అనుకొని కనిపెట్టుకోమను."

వాడు గడ్డం గోక్కున్నాడు. "వద్దు చాచా. వీళ్ళు అట్ల అనుకోరు. ఇంకోరకంగా అనుకుంటారు."

"ఏమిరా, నా చెల్లెలి మాట నేను చెప్పకూడదా? నీకేం తెల్సు పెద్దరికం? స్టీరింగు పట్టుకొని తిప్పేవానివి."

వాడు పోయాడు. ఆదివారం చెప్పి వచ్చానన్నాడు. కఫీల్ ఏమన్నాడని అడిగితే, వెంటనే ఫోను తీసుకొని లోపలికి పోయాడన్నాడు. చూశావా, పట్టించుకునే మనిషి.

ఇక నాకు దిగులు లేదు. బుద్ధిగా ఉండు. ఇంకా ఎనిమిది వారాలే.

నీ మేలు కోరే అన్న
ఘనీ


ఫ్రాన్సు
29 జూలై 2018

అన్నా,

నువ్వు అడిగినవి నిన్ననే అందాయి. ఇంత కోపమెందుకు?

ఆయనకు ఎనభై ఒక్కటి. వేళ్ళతో ఎనిమిది చూపించి, ఒకటి చూపించాడు. ఆయన భార్య చక్రాల కుర్చీలో గోడ పక్కనే ఉంటుంది, చిక్కుళ్ళు ఒలుస్తూ మాకు రాళ్ళు చూపిస్తుంది. ఆయన పెట్టింది ఆమెకు నచ్చకపోతే నాలుకతో చప్పుడు చేస్తుంది, పాపం తీసి మళ్ళీ పెడతాడు. కాఫీ ఆమే పోసిస్తుంది. నాకు ఇందులో రాయాల్సిందేమీ కనబడలేదు, అందుకే రాయలేదు. మనుషులు ముసలివాళ్ళని ఉత్తరంలో ప్రత్యేకంగా రాస్తామా?

కొండ ఇళ్ళలో కాలువ ఉంది. వంటింటి మూలన రాతిలో తొలిచారు, బయట వీధిలోకి పోతుంది. నువ్వు చూడకుండా చెప్పావు. ఆయనకు సైగలతో చెప్పాను, మా అన్న చెప్పాడని. మీ అన్నను ఇక్కడికి రమ్మను అన్నాడు, తాపీ పట్టినట్టు చెయ్యి ఆడించి.

ఇంకొకటి నీకే చెబుతున్నాను. ఈ ఇంటి గేటుకు తాళం లేదు. దారి కింద బస్సు ఆగుతుంది. పోవాలనుకుంటే ఏ పొద్దునైనా పోగలను. గోడ దగ్గర నిలబడి ఆ బస్సును రోజూ చూస్తాను. పోను. ఆయనకు వేళ్ళతో లెక్కపెట్టి చెప్పాను, సెప్టెంబరు, మా అన్న, విమానం, నా కూతురు ఇంతుందని. ఆమె కుర్చీలోంచి వంగి నా రెండు బుగ్గలూ పట్టుకుంది.

మేడంకు నేనే చెప్పాలనుకుంటున్నాను. బక్రీదుకు ఆమె మనసు బాగుంటుంది, అప్పుడు చెప్తాను. నువ్వు ఎవరికీ చెప్పకు.

మదార్బీ


షరఫియా
10 ఆగస్టు 2018

మదార్బీ,

పోయిన నెల 29న నువ్వు రాసిన ఉత్తరం, నా ఉత్తరం పోయాక వచ్చింది. వారం ఆలస్యంగా. ఎనభై ఒకటి అని చదివాను.

లాల్ అహ్మద్ దగ్గరికి పరిగెత్తాను. "పోయి చెప్పురా. ముసలాయనంట. భార్య పక్కనే ఉంటాదంట. నా మాట వెనక్కి తీసుకుంటాండానని చెప్పు."

"చెప్పిన మాటను యాడికని వెనక్కి తీసుకుంటావు చాచా? అమ్మగారు ఆ పొద్దే ఫోన్లో కఫీల్ మీద అరిసింది. పోయినేడు ఒకతె పోయింది, ఈ యేడు ఇంకొకతె దారి చూసుకుంటాంది, దాని అన్నే చెప్పినాడు గదా అని."

అయినా పో అన్నాను. పోయాడు. కఫీల్ వినకుండానే చెయ్యి ఊపాడంట.

నువ్వు మేడంతో ఏమీ దాచకు. ముసలామెను చూపించు. గోడను చూపించు. మా అన్న మొరటువాడు, చదువు లేనివాడు, ఉత్తరం తప్పుగా అర్థం చేసుకున్నాడని చెప్పు. ఆ మాట ఎవరన్నా నేను ఊరుకోను, కానీ నువ్వు చెప్పు. జవాబు రాయి. రెండు అక్షరాలైనా.

ఘనీ


తబూక్ దారి, పెట్రోలు బంకు
9 సెప్టెంబరు

అన్నా,

రొట్టెల సంచి చింపి దాని మీద రాస్తున్నాను. లాల్ అహ్మద్ టైరులో గాలి చూపిస్తున్నట్టు నిలబడి నాకు టైము ఇచ్చాడు.

నీ ఆగస్టు ఉత్తరాలు రెండూ నాకు ఇప్పుడే కారులో అందాయి. అప్పట్లో సంచి మేడమే విప్పేది, అందుకని లాల్ అహ్మద్ వాటిని పంపకుండా దాచాడంట. నీ మాట కఫీల్‌కు చేరిన ఆ ఆదివారం రాత్రి నుంచి గదికి బయట గొళ్ళెం. ఊళ్ళు చూడ్డానికి మాత్రం తీసుకుపోయేవాళ్ళు, ఇంట్లో ఒంటరిగా వదలడానికి భయం. వ్యాను తలుపులు వేసి, వాళ్ళు దిగి చూసి వచ్చేవాళ్ళు. అట్లా నేను అద్దంలోంచి ఆరు ఊళ్ళు చూశాను. ఒక ఊళ్ళో కోట గోడ మీద పిల్లలు నాకు చెయ్యి ఊపారు. నేనూ ఊపాను. మేడం ఎవరికి సైగ చేశావని అడిగింది.

పక్కింటామె ఒకరోజు కుర్చీ తోసుకొని గేటుదాకా వచ్చింది. మేడం ఏదో చెప్పి పంపేసింది. అంతే.

నిన్న జెద్దాకు తెచ్చారు. ఖురూజ్ లేదు. మేడం అక్క ఇంటికి పంపుతున్నారు, తబూక్‌లో. రెండేళ్ళు నమ్మకంగా చేస్తే అప్పుడు చూద్దామన్నారు. టిక్కెట్టు రద్దు చేశారు.

నువ్వు నీ విమానం ఎక్కు. ఉండిపోయి జైలు తెచ్చుకోకు. నీ మీద కోపం ఉందో లేదో నాకు ఇంకా తెలీదు. ఒక్కటే అడుగుతున్నాను. నా తరఫున ఎవరికీ ఏమీ చెప్పకు.

అమీనాకు నువ్వే చెప్పాలి, వేరే దారి లేదు. అబద్ధం చెప్పకు.

మదార్బీ


మిట్టపల్లె
19 అక్టోబరు 2018

మదార్బీకి,

ఇది లాల్ అహ్మద్‌కు పంపుతున్నాను. తబూక్ పోయినప్పుడు ఇస్తానన్నాడు. ఎప్పుడు పోతాడో వాడికే తెలీదు.

నువ్వు చెప్పొద్దన్నా నేను మూడుసార్లు మీ కఫీల్ గేటుకు పోయాను. చెప్పడానికి కాదు, బతిమాలడానికి. నా అరవై మూడేళ్ళలో ఎవర్నీ బతిమాలలేదు. ఎట్లా చేయాలో రాలేదు, గేటు దగ్గర నిలబడ్డాను. మూడోసారి వాచ్‌మన్ బంగ్లాదేశ్ ఆయన బయటికి కుర్చీ తెచ్చి వేశాడు. లోపలి నుంచి ఎవరూ రాలేదు. కాన్సులేట్‌లో కాగితం రాసిచ్చాను, తీసుకున్నారు. విమానం వదిలేద్దామనుకున్నాను. అక్కడ ఉండటానికి ఇచ్చే ఇఖామా కార్డు ఆ వారమే అయిపోతుంది, పట్టుకుంటే నీకు ఉపయోగం లేకుండా నేను లోపల ఉంటానని రూములో అందరూ అన్నారు. ఎక్కాను. నా పక్క సీట్లో ఎవరో నిజామాబాద్ మనిషి కూర్చున్నాడు. కిటికీ పక్కకు రావాలా పెద్దయ్యా అని మర్యాదగా అడిగాడు. వాడి మీద అరిచాను. దిగేటప్పుడు తప్పైందన్నాను.

అమీనా మీ వదినతో బస్టాండుకు వచ్చింది. మీ వదినకు రాయచోటి నుంచి ఫోను చేసి చెప్పాను, పిల్లకు చెప్పొద్దన్నాను, నేనే చెప్పాలి కాబట్టి. పిల్ల నా వెనక బస్సు మెట్లు చూస్తూ నిలబడింది. ఆఖరి మనిషి దిగి, క్లీనరు తలుపు వేసేదాకా చూసింది.

ఇంటికి వచ్చాక కూర్చోబెట్టి అంతా చెప్పాను. మీ అమ్మ రాళ్ళు కట్టిందని, ఆ మనిషికి ఎనభై ఒకటని, నేను తెలుసుకోకుండా మాట పంపించానని. అబద్ధం ఒక్కటి చెప్పలేదు. "నువ్వేం చెప్పించినావు మామా? సరిగ్గా ఆ మాటలే చెప్పు" అంది. చెప్పాను. లేచి పోయింది.

ఇరవై రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం తెచ్చి పెడుతుంది, నీళ్ళు పెడుతుంది, పోతుంది. మీ వదిన తిట్టబోతే నేనే వద్దన్నాను. నేను నీతో రెండేళ్ళు మాట్లాడలేదు, ఈ పిల్ల నాకంటే న్యాయంగానే ఉంది.

మదార్బీ, నన్ను క్షమించమని రాయను. అంత దూరం నుంచి కాగితం మీద నువ్వు క్షమిస్తే నాకు సులువైపోతుంది. నువ్వు వచ్చి నా ముఖం మీదే తిట్టు. అందాకా నేను ఎక్కడికీ పోను. దగ్గు ఉంది, అయినా పోను.

ఇవాళ ఉత్తరం రాస్తుంటే అమీనా వచ్చి ఎదురుగా కూర్చుంది. ఏం రాస్తాండావని అడిగింది. ఇన్ని రోజులకు అదే మొదటి మాట. నువ్వేమన్నా చెప్తావా తల్లీ, రాస్తానన్నాను. ఆలోచించి, "ఫోటోలో ఉండే ముఖం తప్ప అమ్మ ముఖం నాకు గుర్తులేదని రాయి" అంది.

"అది వద్దులే నాయనా. మీ అమ్మ తట్టుకోలేదు. బాగా చదువుకుంటాండానని రాస్తా."

నా చేతిలో పెన్ను వైపు చూసింది. "మళ్ళా మా అమ్మకేం చెప్పాల్నో నువ్వే అనుకుంటాండావా మామా?" అంది.

ఫోటోలో ఉండే ముఖం తప్ప నీ ముఖం అమీనాకు గుర్తులేదు.

అది చెప్పినట్టే రాశాను.

ఘనీ